అప్పన్న మీద భారం

తుపాను, విషవాయువు, పేలుడు, కూలిన గోడ. ఇన్ని దెబ్బల తర్వాత కూడా విశాఖపట్నం దేవుణ్ని వదల్లేదు. ఆ నమ్మకం ఎలాంటిది? అది మనిషిని కూలబడేలా చేస్తుందా, నిలబెడుతుందా?

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడి ఉంది కానీ తల మీద కప్పు లేదు. ఎండయినా వానయినా నేరుగా అమ్మవారి మీదే పడుతుంది. పూజారి చేతికి కొబ్బరికాయ ఇచ్చి దూరంగా నిలబడాల్సిన పని అక్కడ లేదు. ఏ కులంవాళ్లయినా, ఏ పేటవాళ్లయినా దగ్గరికెళ్లి తమ చేత్తోనే పాలు పోసి, పసుపు కుంకుమలు చల్లి, అమ్మతో చెప్పుకోవాల్సింది చెప్పుకుని వస్తారు. మార్గశిర మాసం గురువారాల్లో వన్‌టౌన్ సందులన్నీ ఆ అమ్మ దగ్గరికే నడుస్తాయి. 1917లో రోడ్డు వెడల్పు కోసం విగ్రహాన్ని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు పుట్టిందనీ, మళ్లీ పాత చోట నిలబెట్టాకే నెమ్మదించిందనీ పాతకాలపువాళ్లు చెప్పుకుంటూ వచ్చారు.

ఇంత నమ్మకమున్న ఊరికి పరీక్ష వచ్చిన రోజు 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీదుగా తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. పొద్దున ఒక దిక్కు నుంచి కొట్టింది. మధ్యాహ్నం కాసేపు ఆగింది. పోయిందనుకుని జనం తలుపులు తీసి బయటికి వచ్చారు. అంతలో ఎదుటి దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. తుపాను కన్ను అంటే ఏమిటో విశాఖ ఆ పూట ఒంటితో తెలుసుకుంది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. కైలాసగిరి, సింహాచలం కొండలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణ ఒక్కరోజులో బోసిపోయాయి. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్టుకు క్యూ, నీళ్ల ట్యాంకరుకు క్యూ, పెట్రోలు బంకులో క్యూ. దేవుడున్నాడు కాబట్టే బతికామన్నవాళ్లూ, దేవుడే ఉంటే ఇలా ఎందుకు చేస్తాడన్నవాళ్లూ ఆ క్యూల్లో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

ఇద్దరి మాటా నిజాయితీ గల మాటే. మొదటి మాటను నేను నమ్ముతాను, రెండో మాట అడిగినవాళ్లను తప్పు పట్టను. కానీ ఈ రెండింటికీ నడుమ విశాఖలో మూడో మాట ఒకటుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సింహాచలం స్వామిని అప్పన్న అని పిలుచుకునే ఈ ఊళ్లో చేపల రేవులో, కంచరపాలెం బజారులో, గాజువాక ఆటోస్టాండులో ఎక్కడైనా వినిపిస్తుంది: "అప్పన్నే సూసుకుంతాడు." ఆ మాట అన్న మనిషి చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం కనబడదు. అంటూనే తెడ్డు అందుకుంటాడు, లేదంటే చెప్పులేసుకుని ఆఫీసుకు అర్జీ పట్టుకెళతాడు. భారం దేవుడి మీద వేయడం, పని తన మీద పెట్టుకోవడం ఈ ఊళ్లో ఒకదానికొకటి అడ్డం రావు.

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పదివేల ప్రాణాలు తీసింది. హుద్‌హుద్ అంతకంటే పెద్ద ఊరి మీదికి, పట్టపగలు నేరుగా వచ్చింది. అయినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. తుపానుకు మన మీద దయ పుట్టి కాదు. వాతావరణ శాఖ రోజుల ముందే దారి గీసి చెప్పింది. అధికారులు లోతట్టు ఊళ్లలో తలుపులు తట్టి లక్షల మందిని తరలించారు. విశ్వాసి దాన్ని దేవుడి దయ అంటాడు. నేనూ అంటాను. ఆ దయ తుపాను హెచ్చరిక కేంద్రం లెక్కల్లోంచి, తలుపు తట్టిన చేతుల్లోంచి వచ్చిందని కూడా అంటాను. దేవుడు సర్వాధికారి అయితే ఆ చేతులు మాత్రం ఆయన అధికారానికి బయట ఎందుకుంటాయి?

కొండ కింద పిల్లవాడు

విశాఖ విశ్వాసానికి పునాది కథ ప్రహ్లాదుడిది. సింహాచలం స్థలపురాణం ప్రకారం హిరణ్యకశిపుడు కొడుకును సముద్రంలో పడేయించి, పైన ఈ కొండను వేయించబోయాడు. స్వామి వచ్చి కొండను తన మీద ఆపుకుని పిల్లవాణ్ని కాపాడాడు. అది సింహగిరి అయింది. కొండ దిగువన ఇప్పటికీ ప్రహ్లాదపురం అనే పేట ఉంది. ఉత్తరాంధ్రలో ఏ ఊరి ఓటర్ల జాబితా చూసినా అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలకొండ, అప్పలనరసమ్మ, సింహాద్రి, సింహాచలం అనే పేర్లు వరస కడతాయి. సింహాచలం అని కొడుక్కీ పెడతారు, కూతురుకీ పెడతారు.

ప్రహ్లాదుడి కథను మనం పిల్లలకు చెప్పేటప్పుడు స్తంభం దగ్గర ఆపేస్తాం. స్తంభం పగిలింది, స్వామి వచ్చాడు, రాక్షసుడు పోయాడు అంతే. పోతన భాగవతం ఏడో స్కంధం అక్కడితో ఆగదు. స్వామి వరం కోరుకోమంటే ఆ పిల్లవాడు తనకంటూ ఏమీ అడగడు. మనసులో కోరికలే పుట్టకుండా చేయమంటాడు, తండ్రి పాపం పోవాలంటాడు. తనను ఏనుగులతో తొక్కించి, విషం పెట్టించి, కొండ మీంచి తోయించిన తండ్రి గురించి ఆ మాట అంటాడు. దేవుడు రాకముందు పిల్లవాడికి ఎంత నమ్మకం ఉందో వచ్చాకా అంతే ఉంది. రక్షిస్తాడు కాబట్టి నమ్మిన నమ్మకమైతే స్తంభం దగ్గర దాని పని అయిపోయేది.

ఇక ఆ కొండ మీద ఉన్న స్వామిని చూడండి. వరాహ లక్ష్మీనరసింహుడు ఏడాదంతా చందనం వెనక ఉంటాడు. లింగాకారంలో చందనపు ముద్ద కనబడుతుంది తప్ప ముఖం కనబడదు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రం చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రి నుంచే మళ్లీ పూత మొదలు. విడతకు మూడు మణుగుల చొప్పున ఏడాదిలో నాలుగు విడతలు గంధం సమర్పిస్తారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లోనూ, 1519లోనూ ఈ కొండెక్కాడు, నగలు సమర్పించాడు. రాయలకైనా రిక్షాకార్మికుడికైనా మిగిలిన రోజుల్లో దొరికేది కనబడని రూపమే. ఏడాదిలో మూడువందల పైచిలుకు రోజులు కనబడని దేవుడికి దండం పెట్టడం అలవాటైన ఊరు ఇది. కష్టంలో దేవుడు కనబడకపోతే ఈ ఊరు తట్టుకోగలగడానికి అదొక కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వెంకటాపురం తెల్లవారుజాము

2020లో అక్షయ తృతీయ ఏప్రిల్ 26న వచ్చింది. కరోనా లాక్‌డౌన్ కావడంతో చందనోత్సవం జనం లేకుండా జరిగింది. స్వామిని చూడకుండానే ఏడాది గడపాల్సి వచ్చిందని ఊరు బాధపడుతుండగానే, మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ, గోపాలపట్నం పక్కన ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటపడింది. నిద్రలో ఉన్నవాళ్లకు గొంతు మండింది, కళ్లు కనబడలేదు. పరుగెత్తినవాళ్లు రోడ్డు మీదే కుప్పకూలారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే చచ్చిపోయాయి, చెట్ల ఆకులు రంగు మారిపోయాయి. 12 మంది ప్రాణాలు పోయాయి. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఆ రోజుల్లో "అంతా దేవుడి చిత్తం" అన్న మాట చాలాసార్లు వినబడింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాట అంటే నేను తల వంచుతాను. ఆ మాట ఆమె పట్టుకున్న ఆఖరి ఆసరా. అదే మాట ట్యాంకుకు బాధ్యుడైనవాడి నోట, తనిఖీ చేయాల్సిన అధికారి నోట వస్తే అది దైవదూషణ. ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

నీరభ్‌కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. లాక్‌డౌన్‌లో కదలకుండా పడి ఉన్న ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి, తనలో తాను గడ్డకట్టడం మొదలుపెట్టింది. దాన్ని ఆపే రసాయనం సరిపడా లేదు. శీతలీకరణ సరిగ్గా సాగలేదు. ట్యాంకులో ఉష్ణోగ్రత అంతటా ఎలా ఉందో తెలుసుకునే ఏర్పాటు లేదు. ఊరిని లేపాల్సిన సైరన్ మోగలేదు. ఇవన్నీ మనుషుల చేతిలో పనులు. జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని తొలివిడతగా 50 కోట్లు జమ చేయమంది.

చట్టంలో ఈ విషయానికి ఓ చరిత్ర ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండు న్యాయస్థానాలు తెచ్చిన సూత్రం ప్రకారం, ప్రమాదకరమైన సరుకు తన స్థలంలో ఉంచుకున్నవాడు దాని వల్ల కలిగిన నష్టానికి బాధ్యుడే, కానీ అది దైవఘటన అని రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి ఒలియం వాయువు లీకైంది. ఆ కేసులో మన సుప్రీంకోర్టు ఆ మినహాయింపును తీసిపారేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడి బాధ్యతకు మినహాయింపులే లేవని తేల్చింది. ఆ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్.భగవతి. భక్తుడిగా చదివితే ఆ తీర్పు దేవుడి పరువు కాపాడినట్టు నాకు కనబడుతుంది. మనిషి నిర్లక్ష్యాన్ని తెచ్చి ఆయన ఖాతాలో రాయడానికి ఇక వీల్లేదు.

కొలిమి దగ్గర

విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఫర్నేసుకు నది పేరూ, అన్నం పెట్టే తల్లి పేరూ పెట్టుకున్న ఊరి మనసు అందులోనే తెలుస్తుంది. ఆ కర్మాగారం ఊరికే రాలేదు. దానికోసం జరిగిన 1966 ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. మధ్యలో 64 గ్రామాలు భూములు వదిలాయి. ఊళ్లతోపాటు గ్రామదేవతలూ స్థానం వదిలి వెళ్లాల్సి వచ్చింది. చేతిలో నిర్వాసితుల కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల్లో ఇప్పుడు మనవల తరం పెరిగి పెద్దదైంది.

2012 జూన్ 13 రాత్రి స్టీల్ మెల్టింగ్ షాప్-2లో ఆక్సిజన్ విభాగం దగ్గర పేలుడు. 19 మంది పోయారు. వాళ్లలో అధికారులున్నారు, కాంట్రాక్టు కార్మికులున్నారు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది పోయారు. ఉక్కునగరంలో, గాజువాకలో, సింధియాలో నైట్ షిఫ్టుకు వెళ్లే మనిషి గుమ్మం దాటేటప్పుడు ఇంట్లోవాళ్లు దేవుడి పటం వైపు చూడటం మొక్కుబడి అలవాటు కాదు. హెల్మెట్, బూట్లు, సేఫ్టీ బెల్టు వేసుకున్నాక కూడా మనిషి చేతిలో లేనిది కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని వాళ్లు దేవుడికి అప్పగిస్తారు. హెల్మెట్ వేసుకోకుండా మొత్తం ఆయనకే అప్పగించడం భక్తి కాదని ఈ ఊళ్లో ఏ ఫోర్‌మన్‌ని అడిగినా చెబుతాడు.

2021 జనవరి 27న కర్మాగారంలో వాటాలన్నీ అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది, రిలే దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. సమస్య అంతటితో తీరిందని ఎవరూ అనుకోవడం లేదు. ఆ శిబిరంలో కూర్చున్నవాళ్లలో ఎర్రజెండా పట్టి గుడికి వెళ్లనివాళ్లున్నారు, శనివారం ఉపవాసముండేవాళ్లున్నారు, ఆదివారం చర్చికెళ్లి వచ్చి టెంటులో కూర్చున్నవాళ్లున్నారు. ప్రార్థన పోరాటాన్ని మెత్తబరుస్తుందని భయపడేవాళ్లకు ఆ శిబిరమే సమాధానం.

రెండు వందల ఏళ్ల కిందటి రెండు సమాధులు

దేవుని సార్వభౌమాధికారం అన్న మాట తెలుగు క్రైస్తవ ప్రసంగాల్లో తరచూ వినబడుతుంది. ఆ మాటకు విశాఖలో ఒక పాత కథ ఉంది. దాన్ని ఈ ఊరే మరిచిపోయింది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు ఇక్కడ దిగారు. అప్పటికి విశాఖ ఈస్టిండియా కంపెనీవాళ్లు ఉండే చిన్న రేవు. ఇద్దరూ తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రైస్తవం తీసుకున్న ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణుడు వాళ్లకు తోడయ్యాడు. పని ఊపందుకున్న సమయానికి, 1809లో క్రాన్ చనిపోయాడు. 1810లో డెస్‌గ్రాంజెస్ కూడా పోయాడు. వచ్చిన అయిదేళ్లలో ఇద్దరూ మట్టిలో కలిశారు. దేవుడి పనికోసమే వచ్చినవాళ్లను దేవుడే పని మధ్యలో ఎందుకు తీసుకుపోయాడు? వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు ఆ ప్రశ్న వేసుకోకుండా ఉండి ఉండరు. అయినా కాగితాలు అందుకున్నారు. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తి చేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. తెలుగు బైబిలు మొత్తంగా రావడానికి 1854 దాకా పట్టింది.

ఈ కథకు బెంగాల్లో ఇంకో కొస ఉంది. విశాఖ సువార్తలు అచ్చుకు వెళ్లింది శ్రీరాంపురంలో మిషనరీ విలియం కేరీ బృందం నడిపే ముద్రణాలయానికి. 1812 మార్చి 11 సాయంత్రం ఆ ముద్రణాలయం తగలబడింది. కాగితం, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు బూడిదయ్యాయి. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా వాటిలో ఉంది. కేరీ 46వ కీర్తన ఆధారంగా సంఘానికి ప్రసంగం చేశాడు. మనల్ని తన ఇష్టప్రకారం నడిపించే హక్కు దేవుడికి ఉందనీ, దాన్ని ఒప్పుకోవడం మనిషి ధర్మమనీ ఆ ప్రసంగ సారం. ఒప్పుకుని ఊరుకున్నాడా? బూడిదలో మిగిలిన పోతపోసే అచ్చులతో అక్షరాలు మళ్లీ పోయించారు. వ్యాకరణం మొదటి నుంచి మళ్లీ రాశాడు. 1814లో అది అచ్చయింది. మన భాషకు ఇంగ్లీషులో వచ్చిన తొలి వ్యాకరణాల్లో ఒకటి, ఒక మనిషి కాలిపోయిన పుస్తకాన్ని దేవుడి మీద కోపం పెంచుకోకుండా రెండోసారి రాయడం వల్ల మనకు దక్కింది.

అలాగని ఏడవకూడదని ఏ మతగ్రంథమూ చెప్పలేదు. తెలుగు చర్చీల్లో దుఃఖంలో ఉన్నవాళ్లు తరచూ తెరిచే యోబు గ్రంథం నిండా ఫిర్యాదే. యోబు దేవుడితో వాదిస్తాడు, నిలదీస్తాడు. అతని స్నేహితులేమో వరసగా కూర్చుని, నువ్వేదో పాపం చేసి ఉంటావు, అందుకే ఈ శిక్ష అని విడమరిచి చెబుతారు. చివర్లో దేవుడి కోపం ఆ స్నేహితుల మీదికే పోతుంది. నిలదీసిన యోబు తన గురించి సరిగ్గా మాట్లాడాడంటాడు దేవుడు. పరామర్శకు వెళ్లే ప్రతివాళ్లూ ఆ గ్రంథం ఆఖరి అధ్యాయం ఒక్కసారైనా చదవాలని నా కోరిక.

భారం దేవుడిదీ పని మనదీ అన్న మాట ఒక్క మతానిది కాదు. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఇస్హాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద మేరీమాత. డిసెంబరు 8న మాత పండుగకు రాస్‌హిల్ ఎక్కేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. ఒంటెను కట్టేయనా, దేవుడి మీద భారం వేసి వదిలేయనా అని అడిగిన మనిషికి ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి అని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. తుపాను హెచ్చరిక రాగానే జాలరిపేటలో జరిగేది అచ్చం అదే. బోటును ఒడ్డుకు లాగి, తాళ్లు రెండు వరసలుగా బిగించి, వలలు పైకి చేర్చాకే గంగమ్మకు మొక్కుతారు. 2023 నవంబరు 19 రాత్రి చేపల రేవులో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయినప్పుడు ఏ తాడూ ఆదుకోలేదు. ప్రభుత్వం నష్టంలో 80 శాతం ఇచ్చింది. జనం మళ్లీ వేటకు వెళ్లారు.

గోడ

ఇంతవరకూ రాసింది ఒక ఎత్తు. 2025 ఏప్రిల్ 30 ఇంకో ఎత్తు.

ఆ రోజు అక్షయ తృతీయ. ఏడాదికోసారి దొరికే నిజరూప దర్శనం కోసం వేలమంది రాత్రే కొండెక్కారు. తెల్లవారకముందే ఈదురుగాలితో వాన కురిసింది. 300 రూపాయల టికెట్టు క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ జనం మీద పడింది. ఏడుగురు చనిపోయారు. వాళ్లు దేవుణ్ని కాదన్నవాళ్లు కారు, మరిచినవాళ్లు కారు. స్వామి ముఖం చూడాలని వానలో నిలబడ్డవాళ్లు.

ప్రహ్లాదుడి మీద పడబోయిన కొండను ఆపిన స్వామి, తన కొండ మీద, తన పండుగ నాడు, తన భక్తుల మీద పడుతున్న గోడను ఎందుకు ఆపలేదు? ఈ ప్రశ్న నాస్తికులది కాదు. ఆ ఉదయం విశాఖలో ఇంటింటా భక్తులే వేసుకున్నారు. దీనికి సమాధానం నా దగ్గర లేదు. ఉందని చెప్పేవాళ్లను నేను నమ్మను.

స్వామి సన్నిధిలో పోయారు, పుణ్యాత్ములు అన్నారు కొందరు. పోయినవాళ్ల ఇంట్లోవాళ్లు ఆ మాట తమకు తాము చెప్పుకుంటే అది ఓదార్పు. బయటివాళ్లు వెళ్లి వాళ్లకు చెబితే గాయం మీద కారం. ఇంకొందరు కర్మ అన్నారు. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిషన్ వెళ్లి చూస్తే తేలింది వేరు. గోడను పండుగ ముంచుకొస్తుండగా హడావుడిగా లేపేశారు, కట్టవలసిన పద్ధతిలో కట్టలేదు, వాననీరు బయటికి పోయే దారి లేదు. ఆలయ కార్యనిర్వహణాధికారితో సహా అధికారులు సస్పెండయ్యారు. కర్మ అని ఊరుకుని ఉంటే ఈ నిజాలు గోడ శిథిలాల కిందే ఉండిపోయేవి.

శ్రీవైష్ణవ పెద్దలు శరణాగతి గురించి రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుని తీసుకెళుతుంది. భక్తుడి ప్రయత్నం ఎంత, దేవుడి పని ఎంత అన్నదానిపై తెంగలై, వడగలై సంప్రదాయాల మధ్య శతాబ్దాల వాదం ఉంది. సుఖంగా ఉన్నప్పుడు అది పండితుల చర్చ. ఏప్రిల్ 30 లాంటి పొద్దున అది బతుకు ప్రశ్న. పట్టుకునే ఓపిక మనిషికి అయిపోయినప్పుడు తల్లే పట్టుకుంటుందన్న నమ్మకం తప్ప ఇంకేం మిగలదు. పోతన గజేంద్రుడు కూడా మొదటి రోజే మొరపెట్టుకోలేదు. ఏళ్ల తరబడి మొసలితో పెనుగులాడి, ఒంట్లో బలం ఉన్నంతవరకూ పోరాడి, ఇక చాతకాదని తెలిశాక పిలిచాడు. ఆ పిలుపులో కూడా ఉన్నాడో లేడో అన్న సందేహం దొర్లుతుంది. పోతన ఆ సందేహాన్ని దాచలేదు. నమ్మకంలో సందేహానికి చోటుందని ఆ మహాకవి మనకు అనుమతి ఇచ్చి వెళ్లాడు.

ఆ ఏడాదీ ఆషాఢ శుద్ధ చతుర్దశికి గిరి ప్రదక్షిణ జరిగింది. సింహాచలం కొండ దిగువన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ సముద్రతీరం, ఎంవీపీ కాలనీ, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు లక్షలమంది చెప్పుల్లేకుండా నడిచారు. ఆ దారి వెంకటాపురానికి కూతవేటు దూరంలోంచే పోతుంది. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు, కాళ్లు నొక్కేవాళ్లు కూడా. రెండున్నర నెలల కిందటి గోడ ఆ లక్షలమందిలో ఎవరికీ గుర్తులేదని అనుకోకండి. గుర్తుండే నడిచారు. ఆ నడకను మూఢత్వం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఏం జరిగినా నువ్వే మా దేవుడివి అని చెప్పడానికి మామూలు మనిషికి ఉన్నవి రెండు కాళ్లే, ఆ కాళ్లతోనే వాళ్లు చెప్పారు.

కాబట్టి చదువరులకు రెండు విన్నపాలు. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు దేవుడు ఇలా ఎందుకు చేశాడో వివరించకండి. పక్కన కూర్చోండి, అన్నం క్యారియర్ పట్టుకెళ్లండి, ఆసుపత్రి కాగితాలు, పరిహారం కాగితాలు నింపిపెట్టండి. దేవుడి చిత్తం అన్న మాట అనాల్సి వస్తే ఆ ఇంటివాళ్లనే అననివ్వండి.

రెండోది మీ ఇంటి చుట్టుపక్కల సంగతి. చట్టం ప్రకారం ప్రమాదకర పరిశ్రమ తన దగ్గర ఉన్న ముప్పు ఏమిటో, ప్రమాదం జరిగితే ఏం చేయాలో కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా చెప్పి తీరాలి. గాజువాకలోనో, మల్కాపురంలోనో, పరవాడలోనో ఉంటే మీ పక్క ఫ్యాక్టరీలో ఏ రసాయనం నిల్వ ఉందో, సైరన్‌ను ఆఖరిసారి ఎప్పుడు మోగించి చూశారో మీ కార్పొరేటర్‌నో, సర్పంచ్‌నో, ఫ్యాక్టరీల తనిఖీ అధికారినో అడగండి. రాతపూర్వకంగా అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.